నురగ దాకా

“పట్టుకోండి మావయ్యా. ఇక మిమ్మల్ని ఆపేదెవరు?” అంటూ అల్లుడు దిలీప్ పొడుగాటి గ్లాసును అప్పలస్వామి చేతిలో పెట్టేశాడు.

అప్పలస్వామి గ్లాసు వైపు ఒకసారి, గోడమీద సింహాచలం అప్పన్న పటం వైపు ఒకసారి చూశాడు. ఇన్నేళ్లూ రైలింజను నడిపి, మందు చుక్క ఎరగని మనిషి. ఆ పొద్దున్నే రిటైరయ్యాడు. డ్రైవర్లు డ్యూటీ ఎక్కేముందు సంతకం పెట్టి, మిషన్లో ఊపిరి ఊది తాగలేదని చూపించుకునే చోటుని లాబీ అంటారు. అక్కడ కూర్చుని డ్రైవర్లకి ఫోన్లో డ్యూటీ పిలుపులు పంపే చంద్రమౌళి స్వయంగా అతని మెడలో బంతిపూల దండ వేశాడు. ఆ దండ ఇంకా కుర్చీకి వేలాడుతూనే ఉంది.

దిలీప్ పవర్ ప్లాంటులో ఇంజనీరు. ట్రైనింగుకని జర్మనీ వెళ్లి, నిన్ననే ఊరి పక్కనున్న చకర్‌భాటా ఎయిర్‌పోర్టులో విమానం దిగాడు. మామగారికి కానుకగా ఒకే ఒక్క సీసా మోసుకొచ్చాడు. గోధుమలతో చేసే బీరట. దాని ముందు మామూలు బీరు మజ్జిగతో సమానమట. తన గ్లాసులోంచి ఒక గుక్క తాగి కళ్లు మూసుకున్నాడు. ముందు మాగిన అరటిపండు తగులుతుందని, వెనకాలే లవంగం వస్తుందని, గొంతు దిగాక ఒళ్లంతా వెచ్చగా పాకుతుందని నింపాదిగా వర్ణించాడు.

అప్పలస్వామి భార్య సౌభాగ్య గుమ్మం దగ్గరే నిలబడి అంతా వింది. పకోడీలు వేసి తెస్తానని వంటింట్లోకి వెళ్లిపోయింది.

అప్పలస్వామి గ్లాసుని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. మట్టి కలిసిన వరద నీళ్లలా మబ్బుగా ఉంది, పైన మాత్రం తెల్లటి నురగ.

“ఇదేటి బాబూ, సత్యనారాయణ వ్రతం ప్రసాదం వాసనేస్తంది?”

“అవే కదా మావయ్యా, గోధుమలూ అరటిపండూ. ఏక్ ఘూంట్, ఒక్క గుక్క పుచ్చుకోండి, పాపమేటీ రాదు.”

“నాన్నకి పాపం గురించి కాదు, ఫోను గురించి భయం,” అని కూతురు రాజశ్రీ నవ్వింది.

అది ఇంట్లో అందరూ చెప్పుకుని నవ్వుకునే సంగతే. సెలవు రోజున ఎవరో ఒకరు ఇంటికొచ్చి, బలవంతపెట్టి అప్పలస్వామి చేతిలో గ్లాసు పెట్టినప్పుడల్లా లాబీ నుంచి ఫోనొచ్చేది. ఏదో ఒక బండికి డ్యూటీ పడొచ్చు, రెడీగా ఉండమనేవారు. అతను గ్లాసు దించేసేవాడు. తీరా ఆ బండి వచ్చేది కాదు, దించిన గ్లాసూ మళ్లీ పైకి లేచేది కాదు. సరదాకి మొదలుపెట్టిన తోటివాళ్లు కొందరు మిషన్ దగ్గర దొరికిపోయి అవస్థలు పడ్డారు. తను మాత్రం ఏ మచ్చా లేకుండా దండ వేయించుకుని ఇంటికొచ్చాడు. చంద్రమౌళి నోట పలికించేది అప్పన్నేనని అతని నమ్మకం.

ఇప్పుడదే అతని గుండెలో గుబులు. ఇక డ్యూటీ లేదు, లాబీ పిలవదు. మరి ఇన్నేళ్లూ కాపుగాసిన చెయ్యి కూడా ఉద్యోగంతోపాటే సెలవు పుచ్చుకుందా? అసలు అలాంటి చెయ్యంటూ ఒకటి ఉందా, లేక అన్నీ అలా కలిసొచ్చినవేనా?

చూద్దాం సామీ, అని లోలోపల అనుకుని గ్లాసెత్తాడు. చల్లటి నురగ మీసాన్ని తాకింది.

ఫోను మోగింది.

“అప్పలస్వామీ, కట్నీ లైనుకి బొగ్గు బండి ఒకటి పడేలా ఉంది. రెడీగా ఉండు,” అంది చంద్రమౌళి గొంతు.

“అలాగేనండి,” అంటూనే అతను గ్లాసు బల్లమీద పెట్టేశాడు. ఒక కాలికి బూటు తొడిగి, రెండోదానికోసం మంచం కిందకి వంగాడు.

దిలీప్ పొట్ట పట్టుకుని నవ్వాడు. “ఎక్కడికి మావయ్యా? పొద్దున్నే రిటైరయిపోయారు కదా.”

అప్పలస్వామి ఒంటి బూటుతోనే మంచం మీద కూలబడ్డాడు. చంద్రమౌళి అంకుల్ పాపం అలవాటులో మరిచిపోయుంటారని రాజశ్రీ సర్దిచెప్పబోయింది.

“ఆయన మరిచిపోలేదమ్మా. మరిపించినోడు వేరే ఉన్నాడు,” అన్నాడతను. కళ్లలో నీళ్లు తిరిగాయి. డ్యూటీలో ఉన్నవాణ్ణి లాబీ పిలుస్తుంది, అందులో వింతేముంది? డ్యూటీ అయిపోయినవాణ్ణి కూడా పిలిచిందంటే అది అప్పన్న కాక ఇంకెవరు? అలాంటి సామినే తను సందేహించాడే.

గ్లాసుని అల్లుడి వైపు జరిపి, నువ్వే తాగీ బాబూ అన్నాడు. బూటు విప్పి, కాళ్లు కడుక్కుని పటం ముందు నిలబడి చేతులు జోడించాడు. ఈ వారంలోనే సింహాచలం వెళ్లాలి. ఆ మాట ముందు సౌభాగ్యకి చెప్పాలి. జోడించిన చేతులు విడదీయకుండానే వంటింటి వైపు నడిచాడు.

గుమ్మం దగ్గరికి వచ్చేసరికి మీసం మీద మిగిలిన నురగ నాలిక్కి తగిలింది. నిజమే, అరటిపండే.

లోపల పకోడీల వాసన లేదు. పొయ్యి వెలిగించనేలేదు. సౌభాగ్య కిటికీ వైపు తిరిగి, ఫోను చెవికి ఆనించుకుని గుసగుసగా మాట్లాడుతోంది.

“మీ మేలు ఈ జన్మలో మరిచిపోలేను చంద్రమౌళి అన్నయ్యా. కానీ పొద్దున్న ఆయన మెడలో దండేసింది మీరే కదా, ఇకనుంచి డ్యూటీ అని కాకండా ఇంకేదైనా చెప్పండి.”