మడతపేచీ

"ఇది అసలుదేనా బాబూ?"

దుకాణంలోకి వచ్చిన పెద్దాయన అడిగిన మొదటి మాట అది.

"అసలుదానికి అన్న! దాని రేటులో ఇవి మూడొస్తాయి," అన్నాడు యజమాని.

అతను అమ్మేవి మడిచి చంకలో పెట్టుకుపోయే బ్యాటరీ సైకిళ్ళు. పెద్ద కంపెనీ సైకిల్‌కి అచ్చుగుద్దిన నకళ్ళు. పేరు కూడా అదే, ఒక్క అక్షరం తేడా.

పెద్దాయన ఒకదాన్ని ఎత్తి బరువు చూశాడు. మడిచాడు. విప్పాడు. మధ్యలో మడతపడే బందుని గోటితో మీటి, చెవి పెట్టి విన్నాడు.

"బాబూ, దీంతో మడత పేచీ ఉంది."

దుకాణం నిండా జనం. గొల్లుమన్నారు.

మడత దగ్గర లోపం ఉందని ఆయన ఉద్దేశం. యజమాని చెవికి మాత్రం 'నువ్వొట్టి మడతపేచీగాడివి' అని వినపడింది. సాయంత్రానికి వీధి మొత్తానికీ అలాగే వినపడింది. మర్నాటి నుంచి అతని పేరే మడతపేచీ. రాంగ్ నంబరువాళ్ళు కూడా "మడతపేచీగారేనా?" అని అడిగి పెట్టేస్తున్నారు.

"వాణ్ణి వదల్ను రా," అన్నాడు బావమరిదితో. "ఏడేడు జన్మలు పగబడతా."

"ముందు ఈ జన్మ సంగతి చూడు బావా. సరుకు నిన్ననే దిగింది. అరవై ఉన్నాయి."

యజమాని నెలరోజులు ఊరంతా వెతికాడు. ఆఖరికి తన దుకాణానికి నలభై అడుగుల దూరంలో, వీధి మలుపులోనే పెద్దాయన దొరికాడు.

కొత్త సైకిల్ ఎక్కి వెళ్తున్న ప్రతివాళ్ళనీ ఆపుతున్నాడు. సంచిలోంచి పానా తీసి, వంగి, బందు దగ్గర ఏదో చేసి పంపిస్తున్నాడు.

"చూశావా! బోల్టులు వదులు చేస్తున్నాడు!"

"బిగిస్తున్నాడేమో బావా."

"ఊరికే బిగించేవాడు భూమ్మీద పుట్టాడంట్రా?"

బావమరిది బావ మొహంలోకి చూశాడు. పుట్టి ఉండడనే అనిపించింది.

పానా చేతిలో ఉండగానే యజమాని ఆయన్ని పోలీసులకి పట్టించాడు. ఫిర్యాదు పదకొండు పేజీలు. అందులో తొమ్మిది తిట్లే.

పోలీసులు సంచి లాక్కుని, ఆయన మకాం ఎక్కడో ఆ ఫిర్యాదు మీదే రాసుకుని, మలుపులో మళ్ళీ కనపడొద్దన్నారు.

పెద్దాయన వాదించలేదు. "సంచి ఉంచుకోండి. మిగతావి అమ్మొద్దని మాత్రం ఈ బాబుకి చెప్పండి."

"చూశారా సార్! ఇప్పుడూ నా బేరం మీదే వీడి ఏడుపు!"

ఆ మధ్యాహ్నం యజమాని రెండు పూటల అన్నం ఒక్కసారే తిన్నాడు. పగ తీరితే ఇంత ఆకలేస్తుందని అతనికి అప్పుడే తెలిసింది.

నాలుగో రోజు డ్రిల్లు మాస్టారు గడ్డానికి కట్టుతో వచ్చాడు.

"మడవడానికి అరనిమిషం అన్నావు కదయ్యా. అరక్షణం కూడా పట్టలేదు. నేనింకా దాని మీదే ఉన్నా!"

ఐదో రోజు ముగ్గురు. ఆరో రోజు దుకాణం ముందు కట్లవాళ్ళ వరస చూసి, ఆసుపత్రి అనుకుని ఎవరో జ్వరం చూపించుకోవడానికి కూడా నిలబడ్డారు.

"వాడే! వాడే చేసిపోయాడు!"

"ఇవన్నీ ఆయన్ని తరిమేశాక అమ్మినవి బావా. అంతకుముందు నలభై అమ్మాం. ఒక్కటీ తిరిగి రాలేదు."

అప్పుడే యజమాని భార్య తన సైకిల్ దిగింది. ఆ నలభైలో అదొకటి. నెలగా బియ్యం బస్తాతో సహా ఆవిణ్ణి మోస్తోంది.

బావమరిది వంగి బందు విప్పాడు. లోపల చేత్తో అరగదీసిన ఉక్కు పిన్ను మెరిసింది. దుకాణంలో ఉన్న ఏ సైకిల్‌కీ అది లేదు.

"ఇదెక్కడిదే?" అన్నాడు యజమాని.

"మలుపులో పెద్దాయన వేశాడండీ. అందరికీ వేస్తాడుగా. మీరు పెట్టిన మనిషే అనుకున్నా."

"నేనా?"

"నాకూ వింతగానే ఉంది. మీకింత బుద్ధి ఎప్పుడొచ్చిందా అని."

ఫిర్యాదు కాగితంలో ఆయన దిగిన లాడ్జి పేరుంది. యజమాని పరిగెత్తాడు. గది ఖాళీ.

"పొద్దున్నే వెళ్ళిపోయాడండీ," అన్నాడు లాడ్జి మేనేజరు. "వచ్చిన పని అయిపోయిందిట."

"ఏం పని?"

"ఎవరి మీదో కేసు. నెలగా రోజూ లాయరు దగ్గరికే బయల్దేరేవాడు. దార్లో కొత్త సైకిల్ కనపడితే చాలు, ముందు దాని సంగతి చూడాలనేవాడు. చేరేసరికి ఆఫీసు మూసేసేవాళ్ళు. మొన్న ఎవడో పుణ్యాత్ముడు ఆ సంచి లాగించేశాడు. ఇంక దార్లో ఆగి చేసేదేముంది? నేరుగా వెళ్ళి వేసేశాడు."

"కేసు... ఎవరి మీద?"

"నకళ్ళు అమ్మేవాడెవడో ఉన్నాట్టండీ, అసలు ఆ మడత సైకిల్ని మొట్టమొదట తయారుచేసిందే ఈయన."