పాతది మాత్రం నాకిచ్చెయ్యాలి

"పాతది మాత్రం నాకిచ్చెయ్యాలి. ఎవరూ ముట్టుకోకూడదు," అన్నాడు కళ్ళజోడాయన, గోనెసంచిలో చుట్టి తెచ్చిన సైలెన్సర్‌ని ఒళ్ళో పెట్టుకుని.

షాపు ఓనరు చెవులు నిక్కబొడుచుకున్నాయి. బజారంతా అతన్ని గ్యారంటీ అని పిలుస్తుంది. ఏ వస్తువు అడిగినా "గ్యారంటీ అండీ" అంటాడు, అది పాడై తీసుకొస్తే మాత్రం షాపులో ఉండడు. ఇరవై ఏళ్ళుగా కార్లకి సైలెన్సర్లు మారుస్తున్నాడు. మార్చానని చెప్పి పాతదానికే రంగేసి బిగించినవి కూడా ఆ లెక్కలోనివే. ఇన్నేళ్ళలో తుప్పు రేకుని వెనక్కి అడిగిన మనిషిని చూడటం ఇదే మొదలు.

"కారు తేలేదాండీ?"

"ఎలా తెస్తాను? స్టార్ట్ చేస్తే వీధంతా బయటికొచ్చి నన్ను తిడుతోంది. సైజు చూసుకోవడానికి దీన్ని ఊడదీసి తెచ్చాను."

"అయితే మూడు దార్లున్నాయి. దీనికే అతుకేస్తే ఆర్నెల్లు ఆగుతుంది. డూప్లికేట్ బిగిస్తే రెండేళ్ళు, వానాకాలాలు తీసేసి. కంపెనీది పెట్టించారనుకోండి, కారు పోయినా అది ఉంటుంది. ఏదీ, ఇలా ఇవ్వండి, కొలత చూస్తాను."

కళ్ళజోడాయన రోడ్డు వైపు ఓసారి చూసి ఇచ్చాడు. అందుకోగానే గ్యారంటీ చేతులు కిందికి దిగాయి. మామూలు సైలెన్సర్‌కి రెండింతల బరువుంది. కదిలిస్తే లోపల గలగలమంది. రెండు మూతులకీ గుడ్డలు కుక్కి, వాటి మీద టేపు చుట్టి ఉంది.

"లోపల ఏముందండీ?"

"ఏముంటుంది? ఏమీ లేదు. ఏమీ లేదంటున్నానా!"

సరిగ్గా అప్పుడే రోడ్డు మీద పోలీసు జీపు వెళ్ళింది. కళ్ళజోడాయన గభాలున వంగి, రబ్బరు చెప్పులకి లేని లేసు కట్టుకోవడం మొదలుపెట్టాడు.

కౌంటరు మీద ఆ పొద్దుటి పేపరు ఉంది. బంగారం షాపు దోచుకుని పాత కారులో పారిపోయారన్న వార్త మొదటి పేజీలోనే ఉంది. గ్యారంటీ పౌరధర్మం తెలిసినవాడే. పోలీసులకి ఫోన్ చెయ్యాలా అని ఒక్క క్షణం నిజాయితీగా ఆలోచించాడు. పాపం, వాళ్ళకి ఎన్ని పనులు, ఇంత చిన్న విషయానికి వాళ్ళని ఇబ్బంది పెట్టడం ఎందుకని మానుకున్నాడు.

"మా షాపులో ఎక్స్చేంజి నడుస్తోందండీ. పాతది ఇక్కడ వదిలేస్తే డూప్లికేట్ ఊరికే ఇస్తాను."

"అబ్బే, ఇది మా ఇంట్లో వాళ్ళకి సెంటిమెంటు. డూప్లికేట్ కోసం దీన్నెలా వదులుకుంటాను?" అంటూ ఆయన సంచి సర్దుకోబోయాడు.

గ్యారంటీ తలెత్తి పైకి చూశాడు. అటక మీద అసలైన కంపెనీ పీసు ఒకటుంది. కళ్ళజోడాయన తెచ్చిన మోడల్‌కి అది ఒక్కటే మిగిలింది. మామగారికీ అదే మోడల్ కారుంది. రెండు నెలలుగా ఆయన అడుగుతూనే ఉన్నాడు, గ్యారంటీ "కంపెనీవాడు తయారీ ఆపేశాడు మామయ్యా" అని కాకమ్మ కథలు చెబుతూనే ఉన్నాడు. పిల్లనిచ్చిన మామకి అమ్మితే బాగుండదు. ఊరికే ఇస్తే అసలే బాగుండదు. ఒక్కసారి ఇంటికొచ్చి కారు చూసిపొమ్మంటే, ఆ వీధి ఛాయలకి కూడా వెళ్ళలేదు.

ఇప్పుడు మాత్రం నిచ్చెన తెచ్చి, అటకెక్కి, ఆ పీసు దించి, తన చొక్కాతో తుడిచి మరీ కళ్ళజోడాయన ముందు పెట్టాడు.

"కంపెనీదే తీసుకోండి. ఊరికే. మీ ముఖం చూస్తే ఎందుకో ఇవ్వాలనిపిస్తోంది."

"మరి క్లాంపులు?"

"క్లాంపులు, నట్లు, గ్యాస్కెట్, అన్నీ ఇస్తాను."

కళ్ళజోడాయన పాతదాన్ని ఒకసారి నిమిరాడు. కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నాడు. "కోయరు కదా దీన్ని?"

"రామరామ! దేవుడి గదిలో పెట్టుకుంటాను."

కొత్త సైలెన్సర్ చంకనెట్టుకుని ఆయన మలుపు తిరిగాడో లేదో, గ్యారంటీ పట్టపగలే షట్టర్ కిందికి లాగాడు. ఇంతకాలం జనాన్ని కొద్దికొద్దిగా దోచుకుంటూ ఎంత కాలం వృథా చేశానా అని తన మీద తనకే జాలేసింది. ఇక షాపు ఉండదు, మసి ఉండదు, మామగారి సణుగుడు ఉండదు. నక్క తోక తొక్కి లేచిన రోజంటే ఇదే అనుకుంటూ కటింగ్ మెషిన్ ఆన్ చేశాడు.

నిప్పురవ్వలు ఎగిరాయి. రేకు రెండుగా విడిపోయింది. లోపలినుంచి జలజలా రాలాయి.

గులకరాళ్ళు.

గ్యారంటీ ఒక్కో రాయినీ తీసి నేలకేసి గీశాడు. కొరికి చూశాడు. పన్ను కదిలింది గానీ రాయి రాయిగానే ఉంది. కళ్ళజోడాయన పేరైనా అడగలేదని అప్పుడు గుర్తొచ్చింది. ఇరవై ఏళ్ళలో మొదటిసారి, మోసపోయినవాళ్ళు షాపు ముందు నిలబడి అంత గట్టిగా ఎందుకరుస్తారో అతనికి అర్థమైంది. ఏడుపొచ్చింది.

ఫోన్ మోగింది. మామగారు. వేళ కాని వేళ, మళ్ళీ అదే పాట.

"మామయ్యా, ఎన్నిసార్లు చెప్పాలి? ఆ పీసు ఈ భూమ్మీద ఎక్కడా దొరకదు!"

"దొరికింది అల్లుడూ, మా స్నేహితుడు కళ్ళజోడు తుడుచుకుంటూ ఇప్పుడే బిగిస్తున్నాడు. నా పాతది నువ్వీపాటికి కోసేసే ఉంటావు గానీ, ఆ రాళ్ళు మాత్రం పారెయ్యకు, మా అమ్మాయి మీ ఇంటి పూలకుండీల్లోంచి ఒక్కొక్కటీ ఏరి మరీ పోసింది."