టోఫు కొట్టు మలుపు

ఆ ఆదివారం జిల్లా రిలే పరుగులో, భుజాన వేసుకుని పరిగెత్తి తర్వాతివాడికి అందించే బడి గుడ్డపట్టీ, అందాల్సిన చేతికి అందలేదు.

దారిలో ఎక్కడో గుడి పండగ ఔటు పేలింది. పట్టీ మోస్తున్న కిబ్రోమ్ తనకు తెలియకుండానే కాలువ గట్టు పక్కన నక్కి, చెవులు మూసుకున్నాడు. తేరుకుని లేచి పరిగెత్తి చేరేసరికి పట్టీ అందించే గడువు పన్నెండు సెకన్లు దాటింది.

అవతల ఎదురుచూస్తున్న కెప్టెన్ సుగిమోరి, గడువులోగా పట్టీ రానివాళ్ళకి అధికారులిచ్చే తెల్లపట్టీ భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

చెమటకు తడిసిన ఎర్రపట్టీ కిబ్రోమ్ చేతిలోనే మిగిలింది.

దాన్ని మోసినవాళ్ళ పేర్లు లోపలివైపు సన్నని దారంతో కుట్టి ఉంటాయి. మూడు తరాల పేర్లు. ఆ రాత్రి దాన్ని ఉతుకుతూ అన్నీ చదివాడు.

హాస్టల్లో ఎవరూ తిట్టలేదు. ఎందుకు ఆగావని కూడా అడగలేదు.

యుద్ధంలో ఉన్న తన ప్రాంతం టిగ్రే నుంచి పారిపోయే రోజున, నది దాటుతుంటే అమ్మ చెయ్యి చాచింది. కిబ్రోమ్ వేళ్ళు అందలేదు. ఆమె ఏ శిబిరంలో ఉందో, అసలు ఉందో లేదో, ఇప్పటికీ కబురు లేదు. తన కోసం ఎదురుచూసే మనిషి ఎక్కడో ఒక్కరుంటే చాలనుకుంటూ అతను పరిగెత్తుతున్నాడు.

మర్నాడు పొద్దున జట్టు సాధనకు పరిగెత్తే దారిలో, టోఫు కొట్టు మలుపులో, ఆ కొట్టు ముసలాయన ఎప్పటిలాగే నిలబడి ఉన్నాడు. కాస్త వంగి, కుడిచెయ్యి ముందుకు చాచి.

"కిబ్రోమ్! ఇటు, ఇటు! ఇంకొంచెమే!"

బడిలో అతను అందరికీ 'విదేశీ తమ్ముడు'. పేరు పెట్టి పిలిచేది ఈయనొక్కడే.

"తాత మళ్ళీ అడుక్కుంటున్నాడ్రా. ఏదైనా పెట్టండి," అని జట్టులోని మొరినో నవ్వాడు.

"వాణ్ణి నిన్నటి పట్టీ పెట్టమను. ఎలాగూ నాకు రాలేదుగా," అన్నాడు సుగిమోరి.

కిబ్రోమ్ రోడ్డు అవతలి పక్కకి మారాడు. ఎప్పుడూ అంతే. చాచిన చెయ్యి చూస్తే అతనికి నది కనిపిస్తుంది.

మంచు పడుతున్న ఒకరోజు మాత్రం ఒంటరిగా వస్తూ ఆగాడు.

"ఏం కావాలి తాతా?"

"ఏమీ వద్దురా. మలుపులో ఒకరు నిలబడి ఉండాలి కదా."

"ఎందుకు?"

"నువ్వు వస్తున్నావుగా!"

చెయ్యి ఇంకా చాచే ఉంది. చలికి వేళ్ళు ఎర్రబడ్డాయి. కిబ్రోమ్ తల వంచి నమస్కరించి, ఆ చేతిని తాకకుండా వెళ్ళిపోయాడు.

ఫిబ్రవరిలో మలుపు ఖాళీ అయింది. నాలుగోరోజున కొట్టు తలుపు మీద ముసలాయన చావు కబురు కాగితం కనిపించింది.

"పదండి, షిగెజో గారికి ధూపం వేసొద్దాం," అన్నారు జట్టుకి పరుగు నేర్పే నెగిషి మాస్టారు.

అప్పటికే దహనం అయిపోయింది. కొట్టు లోపలి గదిలో తెల్లగుడ్డ చుట్టిన అస్థికల పెట్టె పక్కన, పరుగు బనియన్లు వేసుకున్న కుర్రాళ్ళ పాత ఫోటో ఉంది.

"ఈ చివర బక్కపలచటివాడే ఆయన," అన్నారు మాస్టారు. "యుద్ధం ముగిశాక మంచూరియా నుంచి ఓడలో ఒక్కడే దిగాడు. అప్పటికి తొమ్మిదేళ్ళవాడు. అమ్మ అక్కడే తప్పిపోయింది. ఊళ్ళో ఎవరూ దగ్గరికి రానిచ్చేవారు కాదట. మన బడి జట్టులో చేరాకే 'మావాడు' అన్నారట."

"పట్టీ మీద ఈ పేరు లేదు మాస్టారూ," అన్నాడు కిబ్రోమ్.

"ఉండదు. రిలేలో ఆఖరి వంతు ఆయనది. ఆ ఏడు ఆయనకు ముందు పరిగెత్తినవాడు దారిలో పడిపోయాడు."

మొరినో తల దించుకున్నాడు.

సుగిమోరి ఫోటో చివరనున్న ఆ కుర్రాణ్ణి చూశాడు. తర్వాత నెమ్మదిగా పిలిచాడు.

"కిబ్రోమ్."

అతని నోట ఆ పేరు రావడం అదే మొదలు.

"ఆ రోజు ఎందుకు ఆగావు?"

కిబ్రోమ్ చెప్పాడు. అందరూ విన్నారు.

తిరిగి వస్తుంటే కొట్టు బయట మాస్టారు ఆగి, మంచు కప్పిన మలుపు చూపించారు.

ఆ రోజుల్లో పట్టీ చేతులు మారే చోటు అదే. డెబ్బై ఏళ్ళ కిందట అక్కడ చెయ్యి చాచి నిలబడ్డ షిగెజోకి, పట్టీ ఇంకా ఎవరూ అందించలేదు.