రెండు నిమిషాల ప్రార్థన

“రెండు నిమిషాలు చాలు. మూడో నిమిషంలోకి అడుగు పెట్టావో, ప్రాక్టికల్స్‌లో సున్నా. ఈ ఏడూ నీకు పాస్టరు పట్టా లేనట్టే.” వేదిక మెట్ల దగ్గర ఆపి మరీ చెప్పాడు మాస్టారు.

ఆ పిల్ల పోయినసారి తప్పిందీ పొడుగు ప్రార్థనకే. తప్పించిందీ ఈయనే. సెమినరీలో ఆయన చెప్పే పాఠం ‘ప్రజల మధ్య పరిచర్య’. పాఠమంతా క్లాసులోనే. నిజంగా ప్రజలు ఎదురైతే మాస్టారి బూట్లు కిర్రు కిర్రుమంటూ పక్క సందులోకి తిరుగుతాయని విద్యార్థుల ఎగతాళి.

“అయ్యగారూ, మేయరు వెనకాల ఏముందో చూడండి. బుల్డోజరు! ఇళ్లు కూల్చడానికి నా చేత ఆశీర్వాదం ఇప్పిస్తారా?”

“వాదించకు. ఎక్కు. కళ్లు మూసుకో. ప్రార్థించు. దిగు.”

మేయరు ప్రార్థన ఎందుకు పెట్టించాడో చంటిపిల్లనడిగినా చెబుతుంది. పోలీసుల్ని తెస్తే జనం రాళ్లు తీస్తారు. దేవుణ్ణి తెస్తే తలలు వంచుతారు. వీధి వీధంతా లేపేసి అక్కడ కార్లు నిలుపుకునే షెడ్డు కట్టాలట. పాపం, కార్లకు ఎండ తగులుతోంది మరి!

ఆమె మెట్టెక్కబోతుంటే ఒక ముసలమ్మ కొంగు పట్టుకుని ఆపింది. ఆ వీధిలో మొదటి ఇల్లు ఆవిడదే.

“మా కోడలు కోర్టులో స్టే తెచ్చిందే తల్లీ! కాగితం పట్టుకుని స్కూటర్ మీద వస్తోంది. నోటితో చెబితే ఈ గాడిదలు వినడం లేదు. అది వచ్చేదాకా ఆపు.”

“నేనా? నేనెలా ఆపను అవ్వా?”

“నువ్వు మా ఇంటికొచ్చి ప్రార్థన మొదలెడితే పొయ్యి మీద కూర మాడిపోతుంది కదే! ఇవాళా అట్లాగే మాడ్చు.”

ఆమె మైకు ముందుకొచ్చింది. మేయరు చెయ్యి ఊపాడు. డ్రైవరు ఇంజను ఆపి, కిందికి దూకి, టోపీ తీసి తల వంచాడు. అందరి కళ్లూ మూతపడ్డాయి.

“ప్రభువా! మా మేయరుగారిని దీవించు. ఆయన భార్యను దీవించు. ఆయన అత్తగారి మోకాళ్ల నొప్పులు తీసెయ్యి...”

“ఆమెన్,” అన్నాడు మేయరు, ఆశగా.

“ఇంకా ఉంది ప్రభువా!” అందామె.

కిర్రు కిర్రుమని చప్పుడు. మాస్టారి బూట్లు మెట్లు దిగుతున్నాయి. దూరమవుతున్నాయి. వెళ్లిపోతున్నాడు! సున్నా ఖాయం. పట్టా గాలికి పోయింది. సరే, మునిగాక చలేమిటి? గొంతు పెంచింది.

“మొదటి గుమ్మంలో అవ్వను చూడు ప్రభువా! ఆ పక్కింట్లో దర్జీని చూడు, అతని మిషన్ను చూడు!”

“చూడు ప్రభువా!” అంది వీధి.

“నిన్న పురుడు పోసుకున్న తల్లిని చూడు! గోడ కూలితే ఆ పసిగుడ్డును ఎక్కడ పడుకోబెట్టాలో నువ్వే చెప్పు!”

“చెప్పు ప్రభువా!”

అది ప్రార్థనో, నిలదీతో ఎవరికీ తెలియలేదు. రెండూ ఒకటే, అడగాల్సినవాళ్లు అడిగితే. మేయరు దగ్గాడు. గడియారం చూసుకున్నాడు. అంతకుమించి ఏం చేస్తాడు? ఎదురుగా టీవీ కెమెరాలు. ప్రార్థన మధ్యలో మైకు లాక్కున్నవాడికి ఓటెవడు వేస్తాడు?

బూట్ల చప్పుడు మళ్లీ దగ్గరికొచ్చింది. ఆమె వినలేదు, వినే స్థితిలో లేదు. ఇళ్లన్నీ అయిపోయాయి. వీధి కుక్కల కోసం కూడా ప్రార్థించేసింది. గొంతు పిడచకట్టుకుపోయింది.

“ఆమెన్,” అంది, ఏడుపు ఆపుకుంటూ.

కళ్లు తెరిచి చూస్తే స్కూటర్ లేదు, కోడలు లేదు.

“కానివ్వరా!” అరిచాడు మేయరు. డ్రైవరు బుల్డోజరెక్కాడు. చప్పుడు లేదు. సీటు కింద వెతికాడు. జేబులు తిరగేశాడు. టోపీ దులిపాడు.

“సార్... తాళంచెవి లేదు సార్!”

“మింగావా?”

“బండికే వదిలి దిగాను సార్! దేవుడి పని కదా అని...”

“ఇంకోటి ఉండాలి కదరా! పరిగెత్తు, పట్టుకురా!”

“అద్భుతం!” ఎవరో కేక పెట్టారు. వీధి మోకాళ్ల మీద పడింది. డ్రైవరు ఇంకా పరిగెత్తుతూనే ఉన్నాడు, అంతలో హారన్! హారన్ మీద హారన్! నల్లకోటు రెపరెపలాడిస్తూ కోడలు దూసుకొచ్చింది. ఒక చేత్తో స్కూటరు, ఒక చేత్తో కాగితం. మేయరు చదివాడు. ముఖంలో కత్తివేటుకు నెత్తురు చుక్క లేదు. గిరుక్కున తిరిగి కారెక్కాడు. వీధి ఈలలతో అదిరిపోయింది.

ఆమె మాస్టారి దగ్గరికి పరిగెత్తుకొచ్చింది. “చూశారా అయ్యగారూ! దేవుడే ఆ తాళంచెవి మాయం చేశాడు! కానీ... నాకు సున్నాయేనా?”

మాస్టారు అటూ ఇటూ చూశాడు. జేబులోంచి చల్లటిదేదో తీసి ఆమె అరచేతిలో పెట్టి, గుప్పిట మూశాడు.

“రెండు నిమిషాలు చాలని చెప్పానా లేదా? తీసుకురావడానికి నాకు అంతే పట్టింది. ఆ డ్రైవరు వచ్చేలోగా తిరిగి పెట్టడానికి నీకెంత పడుతుందో చూసి మార్కులేస్తాను, పద.”