డెబ్బై దాటితే

“నాన్నా, డెబ్బై దాటిందంటే చాలు, స్టీరింగు ఇంకా వణుకుతూనే ఉంది!”

కూతురు కారు దిగుతూనే అంది. గ్యారేజీ తలుపు దగ్గర నిలబడ్డ టైర్ల మేస్త్రీ తల దించుకున్నాడు.

ముప్ఫై ఏళ్లుగా పెద్ద షాపులో చక్రాలు బ్యాలెన్సింగ్ చేస్తున్న మనిషి ఆయన. ఆయన చెయ్యి పడితే ఎంత పాత కారైనా మెత్తగా పోతుందని పేరు. అలాంటివాడి సొంత కూతురి కారుకే చలిజ్వరం వచ్చినట్టుంది.

“ఆదివారం మళ్లీ చూస్తాలేమ్మా,” అన్నాడు నసుగుతూ.

“పోయిన ఆదివారమూ ఇదే మాట. రోజూ ఆఫీసుకి లేటవుతోంది నాన్నా. మా మేడమ్ నన్ను చూడగానే గడియారం చూస్తోంది. పోనీ, బయట ఎక్కడైనా చూపించనా?”

వంటింటి కిటికీలోంచి తల్లి అందుకుంది. “బయటా! ఊరందరి చక్రాలూ చక్కబెట్టే తండ్రిని ఇంట్లో పెట్టుకుని బయట చూపిస్తావా? ఇంకేమన్నా ఉందా! ఆయన మొహం ఎక్కడ పెట్టుకుంటారు?”

కూతురు నాలుక కరుచుకుంది. తల్లి మాత్రం ఆగలేదు.

“అయినా ఆ మెషీను రాకముందు కారు బంగారంలా ఉండేది. నేను బట్టలు తిప్పే మెషీను అడిగితే ఈయన చక్రాలు తిప్పే మెషీను మోసుకొచ్చారు. దాంతో ఇటు బట్టలూ లేవు, అటు చక్రాలూ లేవు!”

ఇద్దరూ పకపకా నవ్వారు. మేస్త్రీ కూడా నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు.

మెషీను వచ్చి రెండు నెలలైంది. అంతకు వారం ముందు షాపుకి ఒక కారు వచ్చింది. వచ్చిందంటే, దాన్ని లారీ మీద వేసుకొచ్చారు. ముందు చక్రం రిమ్ము అప్పడంలా వంగిపోయి ఉంది. నడిపిన అమ్మాయి బతకలేదు. సుమారు తన కూతురి వయసే.

ఆ రాత్రి భోజనాల దగ్గర మేస్త్రీ ఆ సంగతి చెప్పాడు. కూతురి ఆఫీసు నలభై కిలోమీటర్లు. ఈ పిల్ల ఇంట్లోంచి కదిలేది మాత్రం అరగంట ముందు.

“వాళ్లకి నడపడం రాదు నాన్నా. నాకొచ్చు,” అంది కూతురు, కంచంలోంచి తలెత్తకుండానే.

ఆయన మర్నాడే మెషీను కోసం వాకబు మొదలుపెట్టాడు. షాపు యజమాని విని ఆశ్చర్యపోయాడు.

“ఇక్కడ ఇంత మెషీను ఉండగా ఇంటికెందుకయ్యా? నీ కూతురి కారు ఇక్కడే పెట్టుకో. నిన్నెవరు వద్దంటారు?”

“ఇక్కడ పదిమందీ చూస్తారండీ,” అన్నాడు మేస్త్రీ. యజమానికి అది మొహమాటంలా తోచి ఊరుకున్నాడు.

ఆదివారం వచ్చింది. మేస్త్రీ ముందు చక్రాలు విప్పాడు. ఎంత మంచి చక్రమైనా ఎక్కడో ఒకపక్క రవ్వంత బరువెక్కువ ఉంటుంది. మెషీనుకి తగిలించి తిప్పితే ఆ తేడా ఎన్ని గ్రాములో అంకె పడుతుంది. తగిన చోట అంత సీసం ముక్క అతికిస్తే అంకె సున్నాకి దిగుతుంది. సున్నా కనిపించిందంటే ఇక ఆ చక్రం జోలికి పోనక్కర్లేదు.

కూతురు టీ తెచ్చి పక్కనే స్టూలు మీద కూర్చుంది. మసిచేతుల్తో చక్రం మీదికి వంగిన తండ్రిని చూసేసరికి జాలేసింది.

“వదిలెయ్ నాన్నా. వారమంతా షాపులో చేసి, మళ్లీ ఇంట్లోనూ ఇదేనా? కాస్త వణికితే వణకనీ. నీకు కుదరలేదని నేనెవరికీ చెప్పనులే.”

మేస్త్రీ టీ చల్లారిపోయేదాకా కూతురి మొహంలోకి చూడలేకపోయాడు. పిల్ల అంత మంచిగా మాట్లాడకుండా నాలుగు తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

గురువారం సాయంత్రం కూతురు గేటు దగ్గర్నుంచే కేకేసింది.

“నాన్నా! వణుకు పోయింది! పొద్దున నూటపది మీద వెళ్లాను. స్టీరింగు కదిలితే ఒట్టు!”

తల్లి చెయ్యి తుడుచుకుంటూ పరుగెత్తుకొచ్చింది. “ఎలా పోయిందే?”

“నిన్న కారు కడిగించాను. పైపు పెట్టి చక్రాలు లోపలిదాకా గట్టిగా కొట్టించా. బురదేదో పట్టుకుని ఉన్నట్టుంది.”

“కడిగితే పోయేదానికా రెండు నెలలు ఈయన కుస్తీ పట్టింది!” అంటూ తల్లి మళ్లీ నవ్వింది.

“నూటపదా?” అన్నాడు మేస్త్రీ.

“నూటపది! పాతిక నిమిషాల్లో ఆఫీసులో ఉన్నా. మా మేడమ్ కంటే ముందు!”

ఆయన బోల్టులు బిగుతుగా ఉన్నాయో లేదో చూసొస్తానని చెప్పి కారు గ్యారేజీలోకి తీసుకెళ్లి తలుపు వేసుకున్నాడు. ముందు చక్రం విప్పి మెషీనుకి తగిలించి తిప్పాడు.

మెషీను సున్నా చూపించింది. ఆయన పెట్టెలోంచి నలభై గ్రాముల సీసం ముక్క తీసి, డెబ్బై దాటగానే కారు మళ్లీ వణికేటట్టు, రెండు నెలలుగా అతికిస్తున్న చోటే అతికించాడు.