మొదటి తాంబూలం

రెండాకులు, ఒక వక్క. రాయకోట దగ్గరి పల్లెలో గంగమ్మ జాతర మొదటి తాంబూలం ఎవరిదని తిమ్మరాయప్పా, అతని దాయాదీ మద్రాసు హైకోర్టులో తొమ్మిదేళ్లు వాదించుకున్నారు. తీర్పు వచ్చేదాకా ఇద్దరిలో ఎవరికీ ఇవ్వరాదని కోర్టు ఉత్తర్వు వేసింది.

1999 జాతర నాడు తిమ్మరాయప్ప కొత్త తలగుడ్డ చుట్టి, తీర్పు కాగితంతో గుడి ముందుకు వచ్చాడు.

"గెలిచినానమ్మా. తాంబూలం ఇయ్యి."

పూజారమ్మ ఆదిలక్ష్మమ్మ కాగితం వంక చూడలేదు. "ఇన్నేండ్లూ అది ఎవురికి ఇచ్చినామో తెలుసునా అప్పా?"

"ఎవురికీ ఇయ్యకూడదని కోర్టు చెప్పింది కదా."

"మీ ఇద్దరికే వద్దనింది. అందుకని ఏటా బలి పొట్టేలుకు పెట్టినాము. అది ఆకు తిని, పసుపునీళ్లు పోస్తే సరేనని ఒళ్లు విదిలించి, కత్తికి మెడ ఇచ్చింది. ఒక్క ఏడు కూడా లాయరును పిలవలేదు."

"ఇంక ఆ హక్కు నాదే. హైకోర్టు ఆర్డరు."

"సరే, ఈడ నిలబడు."

ఆమె ఆ ఏటి పొట్టేలును పక్కకు కట్టేయించి, అతని చేతిలో తాంబూలం పెట్టింది. అతను ఊరందరివైపూ చూసి, కళ్లకద్దుకున్నాడు.

ఆదిలక్ష్మమ్మ పసుపునీళ్ల చెంబు అతని నెత్తిన గుమ్మరించింది.

"ఇంక ఒళ్లు విదిలించప్పా. కత్తి పట్టినోడు కాసుకోనుండాడు."