దీపాలు పెట్టినాక

ఓబులమ్మ సంగటి గెలుకుతూనే గుమ్మం వైపు చూసింది. పెద్దింటి సుబ్బలక్ష్మమ్మ చార్జింగు అయిపోయిన సెల్లు పట్టుకుని నిలబడింది. గాలివానకు స్తంభాలు పడిపోయి ఊళ్లో కరెంటు లేదు. పొయ్యి సెగతో సెల్లుకు చార్జింగెక్కించే డబ్బా ఓబులమ్మ ఇంట్లో మాత్రమే ఉంది.

"అనంతపురం ఆస్పత్రిలో నా కూతురు కాన్పుకు చేరుండాది. ఏమైందో తెలీదు. రోంత చార్జింగు పెట్టు."

"పోయినేడు అగ్గిపెట్టె తడిసిపోయి, నా బిడ్డ చలిజొరంతో వణుకుతాంటే, రెండు నిప్పులియ్యమని నీ ఇంటికొస్తి. ఏమంటివి?"

"దీపాలు పెట్టినాక నిప్పు బయటికిస్తే ఇంట్లో లక్ష్మి పోతాదంటి."

"ఇదీ నిప్పేలేమ్మా. నేనూ దీపం పెట్టినా. పో."

ఏడుస్తుందో, తిడుతుందో అని ఓబులమ్మ కాచుకుంది.

సుబ్బలక్ష్మమ్మ తలూపింది. "నిజమే. ఇయ్యగూడదు" అని వెనక్కి తిరిగింది.

ఓబులమ్మ చేతిలో తెడ్డు ఆగిపోయింది. ఆ పొద్దు నిప్పియ్యకపోవడం పొగరనుకుని ఏడాదిగా సుబ్బలక్ష్మమ్మ గడప ముందు ఉమ్మేసి మరీ పోతోంది. ఈ పిచ్చిది నిజంగానే నమ్మింది!

"ఏమమ్మా, ఇట్ల రా! ఆ సెల్లు ఇటియ్యి" అని కసిరింది. "నా ఇంట్లోంచి లక్ష్మి పోతాదా? పోవాలంటే ఆయమ్మ ఎప్పుడన్నా వచ్చుండాల గదా!"